తారీఖు రాసుకోవాల్సిన జ్వరాలు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి ఎక్కువ ఉత్తరాలు రక్తస్రావ జ్వరాల మీదే వచ్చాయి. డెంగీ నుంచి ఎబోలా దాకా అన్నీ అడిగారు. మాదొక చిన్న ఫిర్యాదు. జ్వరం ఏ తారీఖున మొదలైందో ఒక్కరూ రాయలేదు. ‘వారం నుంచి’, ‘మొన్నటి నుంచి’ అంటే చాలదు. ఏ పరీక్ష చేయించాలి, గండం ఎప్పుడు, మనిషిని ఎన్నాళ్లు కనిపెట్టుకుని ఉండాలి అనేవన్నీ ఆ తారీఖు నుంచే లెక్క. ఒళ్లు వెచ్చబడిన రోజునే మొదటి రోజుగా పట్టుకుని కింది జవాబులు చదవండి.

ప్రశ్న: మా అబ్బాయికి పద్నాలుగేళ్లు, డెంగీ అన్నారు. ఒకే రోజు ప్లేట్‌లెట్లు ఒక ల్యాబులో 42 వేలు, ఇంకో ల్యాబులో 71 వేలు వచ్చాయి. ఏది నమ్మాలి? నాలుగో రోజున జ్వరం దిగిపోయింది, ఇంటికి తీసుకెళ్లొచ్చా? బొప్పాయి ఆకు రసం పోస్తున్నాం.
— గృహిణి, విజయవాడ

జవాబు: ముందు రెండో ప్రశ్నకు చెబుతాం. జ్వరం దిగింది కదా అని ఇప్పుడు ఇంటికి తీసుకెళ్లకండి. డెంగీలో అసలు గండం జ్వరం దిగే వేళకే వస్తుంది. మూడో రోజుకూ ఏడో రోజుకూ మధ్య, వేడి తగ్గిన తర్వాతి 24 నుంచి 48 గంటల్లో, సన్న రక్తనాళాల గోడల్లోంచి రక్తంలోని నీరు కారిపోతుంది. రక్తం చిక్కబడుతుంది, బీపీ పడిపోతుంది. అప్పటిదాకా మూలుగుతూ పడుకున్న పిల్లాడు లేచి కూర్చుంటే అందరూ ఊపిరి పీల్చుకుంటారు, రక్తపరీక్ష ఆపేస్తారు. తప్పు జరిగేది అక్కడే.

ఇక రెండు ల్యాబుల తేడా. రక్తం గడ్డకట్టకుండా చేసే ఈడీటీఏ అనే మందు ఉన్న గొట్టంలో పోసిన రక్తంలో కొందరి ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కుని గుంపులు కడతాయి. యంత్రం ఆ గుంపును ఒక్క కణంగానే లెక్కిస్తుంది, లేదా తెల్లకణం అనుకుంటుంది. రక్తం తీశాక గొట్టాన్ని మెల్లగా ఎనిమిది పది సార్లు తలకిందులు చేయకపోయినా సన్నటి గడ్డలు కట్టి సంఖ్య పడిపోతుంది. అందుకే తక్కువ సంఖ్య వస్తే ‘గాజుపలక మీద రక్తం పూసి మైక్రోస్కోపులో చూశారా?’ అని అడగండి. చూసి ఉంటే ఆ లెక్కే నమ్మదగ్గది. రోజూ ఒకే ల్యాబులో, ఒకే వేళకు చేయిస్తే ఏ దిశగా పోతున్నదీ తెలుస్తుంది.

అసలు ప్లేట్‌లెట్ల మీదే కళ్లు పెట్టుకుని కూర్చోవడం మాకు నచ్చదు. అదే కాగితంలో హెమటోక్రిట్ లేదా పీసీవీ అని ఇంకో అంకె ఉంటుంది, రక్తంలో ఎర్రకణాల వాటా ఎంత శాతమో చెప్పేది, దాన్ని చూడండి. మొదటి రోజుల్లో 38 ఉన్నది 46 అయిందంటే అయిదోవంతు పైగా పెరిగినట్టు. ప్లేట్‌లెట్లు దిగుతూ ఇది ఎక్కుతుంటే నీరు కారడం మొదలైందని అర్థం. సెలైన్ ఎంత వేగంగా పెట్టాలో, ఎప్పుడు తగ్గించాలో డాక్టర్లు ప్రధానంగా దీన్నీ, బీపీనీ, మూత్రాన్నీ చూసే నిర్ణయిస్తారు. రక్తస్రావం లేకపోతే 10 వేలకు పైన ఉన్నవారికి ప్లేట్‌లెట్లు ఎక్కించాల్సిన పని సాధారణంగా ఉండదు. 42 వేలకే దాతల కోసం వాట్సాప్ గ్రూపుల్లో పరుగులు పెట్టకండి.

కడుపులో తెంపులేని నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్లలోంచో ముక్కులోంచో రక్తం, నల్లటి విరేచనం, పిల్లాడు మరీ మగతగా ఉండడం లేదా ఊరికే చిరాకుపడుతూ అటూ ఇటూ దొర్లడం, చేతులూ కాళ్లూ చల్లబడడం, ఆరు గంటలైనా మూత్రం రాకపోవడం: వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఎన్ని ప్లేట్‌లెట్లున్నా డాక్టర్ని పిలవాల్సిందే. మందు లేకుండా కనీసం 24 గంటలు జ్వరం లేకుండా ఉండి, ఆకలి వేసి, మూత్రం బాగా వస్తూ, ఆయాసం లేకుండా, ప్లేట్‌లెట్లు 50 వేలు దాటి పైకే వెళ్తుంటే ఇంటికి పంపుతారు.

బొప్పాయి రసంతో ప్లేట్‌లెట్లు కాస్త ముందుగా పెరిగాయని కొన్ని చిన్న అధ్యయనాలు చూపాయి. నీరు కారడాన్ని ఆపుతుందని గానీ ప్రాణం నిలుపుతుందని గానీ రుజువు కాలేదు. దాని చేదుకు వాంతి అయితే రెండు నష్టాలు. తాగిన ద్రవం పోతుంది, ఆ వాంతి జబ్బుదో రసానిదో తేల్చుకోలేం. దాని బదులు ఓఆర్‌ఎస్, పల్చటి మజ్జిగ, గంజి, కొబ్బరినీళ్లు గంటగంటకూ కొంచెం కొంచెం పట్టించండి. జ్వరానికి పారాసిటమాల్ ఒక్కటే. కిలో బరువుకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు, ఆరు గంటల ఎడంతో. ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్, డైక్లోఫెనాక్ వద్దు. ‘ఒళ్లునొప్పులకు ఒక సూది’ అసలే వద్దు. కండకు వేసిన సూది దగ్గర రక్తం గడ్డకట్టి వాచిపోతుంది.

పరీక్షల మాట కూడా ఇక్కడే. మొదటి అయిదు రోజుల్లో వైరస్ తాలూకు ప్రొటీన్‌ను పట్టే ఎన్ఎస్1, అయిదో రోజు తర్వాత ఒంట్లో పుట్టే ప్రతిరక్షకాలను పట్టే ఐజీఎమ్. రెండో రోజున ఐజీఎమ్ చేయించి ‘నెగెటివ్, డెంగీ కాదు’ అనుకోవడం, ఎనిమిదో రోజున ఎన్ఎస్1 చేయించి అదే మాట అనుకోవడం, రెండూ చూస్తూనే ఉన్నాం. పది నిమిషాల్లో ఫలితమిచ్చే కార్డు పరీక్ష కంటే ల్యాబులో చేసే ఎలైసా పరీక్ష నమ్మకమైనది.

ప్రశ్న: డెంగీ, కాంగో ఫీవర్, ఎబోలా అన్నీ ఒకే జాతి వైరస్‌లా? రక్తం కారకపోతే ఆ జబ్బు కాదనుకోవచ్చా?
— డిగ్రీ విద్యార్థిని, ఒంగోలు

జవాబు: ఒకే జాతి కావు. డెంగీ, పసుపు జ్వరం, కర్ణాటక కోతుల జ్వరం ఒక కుటుంబం. ఎబోలా, మార్‌బర్గ్ ఇంకో కుటుంబం. కాంగో ఫీవర్‌ది వేరు, పశ్చిమ ఆఫ్రికాలో ఎలుకల నుంచి వచ్చే లాసాది వేరు. ఒంట్లో చేసే చెరుపు కొంత ఒకేలా ఉంటుంది కాబట్టి ‘రక్తస్రావ జ్వరాలు’ అనే ఒకే పేరు కింద చేర్చారు. ఆ పేరే మోసం చేస్తోంది. 2014లో పశ్చిమ ఆఫ్రికాలో ఎబోలా వచ్చినవారిలో చాలామందికి పైకి రక్తం కారనేలేదు. జ్వరం, వాంతులు, నీళ్ల విరేచనాలు, నీరసం, అంతే. రక్తం కోసం ఎదురుచూసినవాళ్లు జబ్బును ఆలస్యంగా పట్టుకున్నారు.

ప్రశ్న: నాకు 120 గొర్రెలు, నాలుగు గేదెలు ఉన్నాయి. పిడుదులు విపరీతం. చేత్తో పీకి గోటితో నలిపేస్తుంటాం. గుజరాత్‌లో పిడుదుల నుంచి మనుషులకు జ్వరం వచ్చి చనిపోయారని విన్నాను. మందు కొట్టినా మళ్లీ వస్తున్నాయి. ఏం చేయాలి?
— గొర్రెల పెంపకందారు, మహబూబ్‌నగర్ జిల్లా

జవాబు: గోటితో నలపడం ఈరోజే మానేయండి. మీరు విన్నది క్రిమియన్ కాంగో జ్వరం గురించి. మన దేశంలో మొదటిసారి నిర్ధారణ అయింది 2011 జనవరిలో, అహ్మదాబాద్ జిల్లా సానంద్ తాలూకా కోలాట్ గ్రామంలో. తర్వాత 2013–14లో చేసిన సర్వేలో చాలా రాష్ట్రాల పశువుల రక్తంలో ఈ వైరస్ తాలూకు ప్రతిరక్షకాలు దొరికాయి. అంటే వైరస్ ఒక్క గుజరాత్ మందల్లోనే తిరగలేదన్నమాట.

ఇందులో చిక్కేమిటంటే గొర్రెకు గానీ గేదెకు గానీ ఏమీ కాదు. వారం రోజుల పాటు రక్తంలో వైరస్ ఉంటుంది, పశువు మాత్రం మేత మేస్తూ హాయిగా తిరుగుతుంది. మనిషికి మూడు దారుల్లో వస్తుంది. పిడుదు కుట్టడం, పిడుదును నలిపినప్పుడు దాని రసం చేతి పగుళ్లకు తగలడం, కోసిన వెంటనే పచ్చి రక్తం, కాలేయం లాంటివాటిని ఒట్టిచేతులతో పట్టుకోవడం. కోసిన తర్వాత మాంసంలో పుట్టే పులుపుకే వైరస్ బలం పోతుంది, వండితే పూర్తిగా చస్తుంది. కాబట్టి నల్ల (పశువు రక్తంతో చేసే కూర) వండుకు తినేవారికి భయం లేదు. దానికోసం గిన్నెలో రక్తం పట్టే మనిషి చేతికి మాత్రం తొడుగు ఉండాలి.

దీన్ని ఎక్కువగా మోసేవి హయలోమా జాతి పిడుదులు. మన గేదెల పొదుగు దగ్గర బూడిదరంగు గింజల్లా వేలాడేవి చాలావరకు వేరే జాతి. హయలోమా గోధుమరంగులో, పొడుగు మూతితో, కాళ్ల మీద లేతరంగు పట్టీలతో ఉంటుంది. గడ్డిలో కాచుకు కూర్చోకుండా మనిషి వైపో పశువు వైపో పరుగెత్తుకు వస్తుంది.

మందు కొట్టినా ఎందుకు వస్తున్నాయంటే, పశువు మీద కనిపించేవి మొత్తం పిడుదుల్లో కొన్నే. కడుపు నిండిన ఆడపిడుదు రాలిపోయి, కొట్టం గోడ పగుళ్లలో, రాళ్ల సందుల్లో వేల గుడ్లు పెడుతుంది. మీరు మందును వీపు మీద కొట్టి వదిలేస్తే చెవి లోపల, తోక కింద, గజ్జల్లో, పొదుగు చుట్టూ ఉన్నవి బతికిపోతాయి. డెల్టామెత్రిన్ ద్రావణమైతే సాధారణంగా లీటరు నీటికి 2 మి.లీ. కలుపుతారు. సీసా మీద రాసిన మోతాదు వేరుగా ఉంటే దాన్నే పాటించండి. చల్లటి పూట, పశువులకు ముందుగా నీళ్లు తాగించి, వెంట్రుకలకు ఎదురుగా, చర్మం తడిసేలా కొట్టండి. దాహంతో ఉన్న పశువు ఒళ్లు నాకి విషం పాలవుతుంది. పుండ్ల మీద పడనీయకండి. అదే రోజు కొట్టం గోడలకు అడుగునుంచి మనిషి ఎత్తు వరకు పిచికారీ చేసి, ఆ తర్వాత పగుళ్లను సున్నంతోనో సిమెంటుతోనో పూడ్చేయండి. రెండు వారాలకు మళ్లీ కొట్టండి, ఎందుకంటే మొదటిసారి గుడ్లలో ఉన్నవి అప్పటికి బయటికొస్తాయి. ఏళ్ల తరబడి ఒకే మందు వాడితే పిడుదులు దానికి లొంగవు. మార్చాల్సి వస్తే దేనికి మార్చాలో, ఎన్ని రోజులు పాలు వాడకూడదో పశువైద్యుడు చెబుతారు.

అమ్మకానికో కోతకో పంపే గొర్రెలకు రెండు వారాల ముందే మందు కొట్టి, కొత్త పిడుదులు ఎక్కకుండా విడిగా ఉంచండి. ఆ రెండు వారాల్లో రక్తంలో వైరస్ ఉన్నా పోతుంది.

ప్రశ్న: సౌదీలో ఎడారిలో గొర్రెలు, ఒంటెలు కాస్తాను. బక్రీద్ పనులయ్యాక సెలవు మీద ఊరొస్తాను. నా వల్ల ఇంట్లోవాళ్లకు ప్రమాదమా?
— కడప జిల్లా నుంచి వెళ్లిన పాఠకుడు

జవాబు: మీకు జ్వరం లేకపోతే మీవల్ల ఎవరికీ ఏమీ కాదు. పశువు రక్తం తగిలిన తర్వాత కాంగో జ్వరం బయటపడడానికి ఎక్కువలో ఎక్కువ 13 రోజులు, పిడుదు కుడితే 9 రోజులు. ఆఖరుసారి పశువును కోసిన తారీఖు, ఒంటి మీద పిడుదు కనిపించిన తారీఖు ఫోన్లో రాసుకోండి. 14 రోజుల్లోపు జ్వరం, నడుంనొప్పి, కళ్లు ఎర్రబడడం ఉంటే ఊళ్లో సూది వేయించుకోకుండా నేరుగా పెద్దాసుపత్రికి వెళ్లి ‘గల్ఫ్‌లో పశువులతో పనిచేశాను, ఫలానా రోజు కోశాను’ అని మొదటి మాటగా చెప్పండి. చెప్పకపోతే డాక్టర్‌కు తట్టదు. ఇరాక్‌లో 2022లో ఈ జ్వరం పెద్దఎత్తున వచ్చింది, సోకినవారిలో పశువులతో పనిచేసేవారే ఎక్కువ. మీరు పనిచేసేటప్పుడు లేతరంగు బట్టలు వేసుకుని, ప్యాంటు అంచులు మేజోళ్లలోకి దోపుకోండి. పిడుదు పాకితే కనిపిస్తుంది.

ప్రశ్న: మాది ఏరియా ఆసుపత్రి. కాంగో, ఎబోలా లాంటి జ్వరం అనుమానం ఉన్న మనిషి వస్తే మొదటి గంటలో మేం ఉన్నవాటితోనే ఏం చేయాలి? బ్లీచింగ్ నీళ్లు ఎలా కలపాలో ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతున్నారు.
— స్టాఫ్ నర్స్, ఉత్తరాంధ్ర

జవాబు: సిస్టర్, మీ ప్రశ్నకు బరువుంది. 2011లో గుజరాత్‌లో కాంగో జ్వరం వచ్చిన ఆ మొదటి రోగితో పాటు ఆమెకు వైద్యం చేసిన డాక్టరూ నర్సూ కూడా చనిపోయారు. 1976లో రావల్పిండిలో కాంగో జ్వరంతో వచ్చిన కడుపునొప్పిని ఆపరేషన్ చేయాల్సిన నొప్పి అనుకుని పొట్ట కోశారు. సర్జన్‌కూ థియేటర్ సిబ్బందికీ సోకింది. జబ్బు పేరు తెలిసేలోపే ఇదంతా జరిగిపోయింది. కాబట్టి పేరు తేలేదాకా ఆగకూడదు.

గుమ్మం దగ్గరే, రెండు మీటర్ల దూరంలో నిలబడి మూడు మాటలు అడగండి. జ్వరం ఏ రోజు మొదలైంది? గత 21 రోజుల్లో ఎక్కడెక్కడికి వెళ్లారు? పశువులు, పిడుదులు, కోత, జ్వరంతో చనిపోయినవారి శవం, వీటిలో దేన్నైనా ముట్టారా? జ్వరంతో పాటు మూడోదానికో రెండోదానికో అనుమానమొచ్చే జవాబు వస్తే విడి గది, విడి మరుగుదొడ్డి. తలుపు దగ్గర నోటుపుస్తకం పెట్టి లోపలికెళ్లే ప్రతి మనిషి పేరూ, వేళా రాయించండి. పది రోజుల తర్వాత ఎవరెవర్ని కనిపెట్టాలో ఆ పుస్తకమే చెబుతుంది. జిల్లా నిఘా అధికారికి వెంటనే ఫోన్ చేయండి. మలేరియా పరీక్ష మాత్రం ఆపకండి, మలేరియా ఉంటే మందు మొదలుపెట్టండి. పెద్ద పేరున్న జబ్బు అనుమానంలో పడి మలేరియాతో రోగి పోయిన సందర్భాలున్నాయి.

రక్తం ఒక్కసారే, అనుభవమున్నవారే తీయాలి. సూదికి మూత తిరిగి పెట్టొద్దు. సూదుల డబ్బా మంచం పక్కనే, చెయ్యి చాపితే అందేలా ఉండాలి. రెండు జతల గ్లవుజులు, నీరు ఇంకని గౌను, దానిపై ఏప్రాన్, ముఖానికి షీల్డ్, మాస్కు, బూట్లు. వేసుకోవడంలో తప్పులు తక్కువ, విప్పడంలోనే ఎక్కువ. అలిసిపోయి, చెమటతో, త్వరగా బయటపడాలనే తొందరలో విప్పుతారు. అందుకని రెండో మనిషి ఎదురుగా నిలబడి ఒక్కో మెట్టూ పైకి చదవాలి: ఏప్రాన్, పై గ్లవుజులు, గౌను, షీల్డ్, మాస్కు, బూట్లు, ఆఖరున లోపలి గ్లవుజులు. ప్రతి మెట్టుకూ చేతులు శుభ్రం చేసుకోవాలి. షీల్డూ మాస్కూ తీసేటప్పుడు వెనుక పట్టీనే పట్టుకుని, తల కాస్త ముందుకు వంచి, కళ్లు మూసుకుని తీయండి. ముందువైపు ముట్టుకోకూడదు.

ఇక బ్లీచింగ్. రక్తం, వాంతి పడిన చోటుకు 0.5 శాతం క్లోరిన్ కావాలి. తాజా బ్లీచింగ్ పౌడర్‌లో క్లోరిన్ సుమారు 30 శాతం ఉంటుంది కాబట్టి లీటరు నీటికి 16 నుంచి 17 గ్రాములు, పది లీటర్ల బకెట్‌కు 165 గ్రాములు సరిపోతాయి. ‘గుప్పెడు’, ‘రెండు చెంచాలు’ అనే లెక్క వదిలేసి ఒకసారి త్రాసు మీద తూచి, ఆ కొలతకు సరిపోయే డబ్బా మీద గీత గీసుకోండి. ప్లాస్టిక్ బకెట్‌లోనే కలపండి, ఇనుము తుప్పుపడుతుంది. కలిపాక అరగంట ఆగి పైనున్న తేటను వాడండి, అడుగు మడ్డిని పారేయండి. ద్రవరూపంలో 5 శాతం హైపోక్లోరైట్ దొరికితే ఒక పాలుకు తొమ్మిది పాళ్లు నీళ్లు. చేతులకు దీన్ని వాడకూడదు. సబ్బూ శానిటైజరూ రెండూ లేకపోతే, పైన చెప్పిన తేట ఒక పాలుకు తొమ్మిది పాళ్లు నీళ్లు కలిపితే వచ్చే 0.05 శాతం వాడొచ్చు.

ఇందులో తప్పేవి నాలుగు. తెరిచిన సంచి చెమ్మపట్టి ఉంటే అందులో క్లోరిన్ సగం కూడా ఉండదు. ముక్కుకు ఘాటు తగలకపోతే, గడ్డలు కట్టి ఉంటే కొత్త సంచి తెప్పించండి. నిన్న కలిపినది ఈరోజు పనికిరాదు. రక్తపు మడుగు మీద నేరుగా పోస్తే రక్తమే క్లోరిన్‌ను తినేస్తుంది. ముందు పాతగుడ్డ పరిచి పీల్పించి, ఆ గుడ్డనూ నేలనూ తడిపి, 15 నిమిషాలు ఆగి తుడవండి. నాలుగోది, తొందరలో టాయిలెట్ యాసిడ్‌తో కలపడం. అప్పుడు వచ్చే పొగ ఊపిరితిత్తులను కాల్చేస్తుంది. గది గాలిలోనూ మనుషుల మీదా పిచికారీ చేసే పని మాత్రం ఎవరు చెప్పినా చేయకండి. తుడవడమే పని చేస్తుంది.

ప్రశ్న: ఇలాంటి జ్వరం అనుమానమున్న రోగికి రెండో రోజు తీసిన శాంపిల్ పీసీఆర్ (వైరస్ జన్యుపదార్థాన్ని వెతికే పరీక్ష) నెగెటివ్ వచ్చింది. ఐసొలేషన్ ఎత్తేయొచ్చని ఒక డాక్టర్, వద్దని ఇంకొకరు. ఎవరిది రైటు?
— ల్యాబ్ టెక్నీషియన్, కరీంనగర్

జవాబు: వద్దన్నవారిదే. ఎబోలాలాంటి జ్వరాల్లో మొదటి మూడు రోజులు రక్తంలో వైరస్ పరీక్షకు చిక్కనంత తక్కువగా ఉండొచ్చు. లక్షణాలు మొదలై 72 గంటలు దాటకముందు తీసిన శాంపిల్ నెగెటివ్ వస్తే, 72 గంటలు దాటాక మళ్లీ తీసి చూసే దాకా గది తలుపు తెరవకూడదు. అదేవిధంగా ఐజీఎమ్ నెగెటివ్‌ను చూసి కూడా నమ్మకండి. అది మొదటి వారం చివరికి గానీ రాదు, ప్రాణం పోయేంత తీవ్రంగా ఉన్నవారిలో అసలు రాకపోవచ్చు.

శాంపిల్ ఊదారంగు మూత ఈడీటీఏ గొట్టంలో తీయండి. ఆకుపచ్చ మూత గొట్టంలో ఉండే హెపారిన్ పీసీఆర్‌ను చెడగొడుతుంది. గొట్టం బయట 0.5 శాతం క్లోరిన్‌తో తుడిచి, మూతకు పారాఫిల్మ్ చుట్టి, ఒలికితే మొత్తం పీల్చుకునేంత దూదితో కలిపి కారని డబ్బాలో పెట్టి, దాన్ని గట్టి పెట్టెలో ఐస్‌ప్యాక్‌ల మధ్య ఉంచండి. 2 నుంచి 8 డిగ్రీలు. కాగితాన్ని గొట్టానికి చుట్టి పంపేవాళ్లున్నారు. అవతల డబ్బా తెరిచేవారు ముందు ఆ కాగితాన్నే పట్టుకుంటారు. అది కారని డబ్బా బయట, ప్లాస్టిక్ కవరులో ఉండాలి. అందులో శాంపిల్ తీసిన తారీఖు ఒక్కటే కాదు, జ్వరం మొదలైన తారీఖు కూడా రాయాలి. అది లేకపోతే పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థలో ప్రమాదకర వైరస్‌ల కోసం అత్యంత భద్రంగా కట్టిన బీఎస్ఎల్-4 ల్యాబు ఎంత గొప్పగా ఉన్నా ‘నెగెటివ్’ అన్న మాటకు అర్థం చెప్పలేరు. సీరం వేరు చేద్దామని మీ దగ్గరే సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి మూత తీయకండి, కంటికి కనబడని తుంపర లేస్తుంది.

ప్రశ్న: బెంగళూరులో ఉద్యోగం. జనవరిలో శివమొగ్గ వైపు ట్రెక్కింగ్‌కు వెళ్తున్నాం. కోతుల జ్వరం అంటున్నారు. టీకా ఉందా?
— సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, స్వస్థలం అనంతపురం

జవాబు: మీరు వెళ్లే జిల్లాలోనే 1957లో దీన్ని గుర్తించారు. సొరబ తాలూకా క్యాసనూరు అడవిలో కోతులు కుప్పలుగా చనిపోతుంటే, చుట్టుపక్కల ఊళ్ల మనుషులకూ జ్వరం వచ్చింది. కన్నడంలో మంగన కాయిలె అంటారు. తర్వాత అది కేరళ వాయనాడ్, గోవా, మహారాష్ట్ర సింధుదుర్గ్ దాకా కనిపించింది. డిసెంబర్ నుంచి మే దాకా సీజను, ఎందుకంటే ఎండుటాకుల్లో పిల్ల పిడుదులు అప్పుడే ఎక్కువ. నువ్వుగింజంత ఉంటాయి, కుట్టింది తెలియదు.

పాత టీకా రెండు మోతాదులకు 62 శాతం, బూస్టర్‌తో 83 శాతం దాకానే కాపాడినట్టు ఒక అధ్యయనంలో తేలింది. దాన్ని ఆపేశారు. హైదరాబాద్‌లోని టీకాల సంస్థ ఇండియన్ ఇమ్యునలాజికల్స్, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్)తో కలిసి కొత్తది తయారుచేసే పనిలో ఉంది. అందాకా చర్మానికి పిడుదులను దరిచేరనీయని డీట్ మందు ఉన్న లేపనం, బట్టలకు పెర్మెత్రిన్ అనే పురుగుమందు. ఎండుటాకుల మీద కూర్చోకండి, చనిపోయిన కోతి దగ్గరికి పోకండి. కోతి చల్లబడగానే దాని ఒంటి మీది పిడుదులు దిగి వేరే మనిషినో జంతువునో వెతుక్కుంటాయి. కోతి శవం ఎక్కడ చూశారో అటవీశాఖకు చెప్పండి.

సాయంత్రం గదికి రాగానే బట్టలు విప్పి మోకాలి వెనుక, గజ్జలు, చంకలు, నడుముపట్టీ కింద, చెవుల వెనుక వెతకండి. పిడుదు దొరికితే సన్నమొన చిమటాతో చర్మానికి ఆనించి, దాని మూతి దగ్గర పట్టుకుని, తిప్పకుండా, ఒకే బలంతో నిటారుగా లాగండి. పొట్ట దగ్గర పట్టుకుంటే లోపలున్నదంతా మీ ఒంట్లోకి కక్కుతుంది. అగ్గిపుల్లతో కాల్చడం, కిరోసిన్, నెయిల్‌పాలిష్ రాయడం ఇవన్నీ అలాగే కక్కిస్తాయి. తీసినదాన్ని స్పిరిట్ సీసాలో వేసి తారీఖు రాయండి.

తర్వాతి రెండు వారాల్లో హఠాత్తుగా జ్వరం, నుదుట తలనొప్పి, విపరీతమైన ఒళ్లునొప్పులు వస్తే డాక్టర్‌కు ఆ సీసా చూపించండి. మనిషి నుంచి మనిషికి సోకదు. వచ్చినవారిలో నూటికి ముగ్గురు నుంచి అయిదుగురు చనిపోతారు. ఒక సంగతి చాలామందికి తెలియదు. జ్వరం తగ్గి, మామూలుగా తిరుగుతున్న వందమందిలో పది నుంచి ఇరవైమందికి మూడో వారంలో మళ్లీ జ్వరం వస్తుంది, ఈసారి తలనొప్పి, మెడ పట్టేయడం, వణుకు, మతి తప్పడం లాంటివాటితో.

ప్రశ్న: నైజీరియాలో పని దొరికింది. 12న విమానం. పసుపు జ్వరం టీకా 8న వేయించుకుంటే చాలా?
— ఫిట్టర్, విశాఖపట్నం

జవాబు: చాలదు. సర్టిఫికెట్ టీకా వేసిన పదో రోజు నుంచే చెల్లుతుంది. అప్పటి నుంచి జీవితాంతం చెల్లుతుంది. కాబట్టి కనీసం 2వ తేదీకే వేయించుకోవాలి. అనుమతి ఉన్న కేంద్రంలోనే వేయించుకోవాలి. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ అలాంటిదే. గుడ్డు పడనివారు, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవారు, 60 దాటినవారు ముందే డాక్టర్‌తో మాట్లాడాలి, అది బతికున్న వైరస్‌తో చేసిన టీకా. పసుపురంగు సర్టిఫికెట్ అసలు ప్రతిని పాస్‌పోర్టులోనే పెట్టుకోండి. తిరిగి వచ్చేటప్పుడు అది చూపలేకపోతే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో కూర్చోబెడతారు.

ప్రశ్న: రువాండాలో మార్‌బర్గ్ అయిపోయిందని 42 రోజుల తర్వాతే ఎందుకు ప్రకటించారు? కోలుకున్నవారి వల్ల ప్రమాదమేమీ ఉండదా?
— రిటైర్డ్ సైన్స్ ఉపాధ్యాయుడు, రాజమహేంద్రవరం

జవాబు: మాస్టారూ, లెక్క సులువే. వైరస్ సోకాక జబ్బు బయటపడడానికి పట్టే అత్యధిక కాలం 21 రోజులు. తెలియకుండా జారిపోయిన ఒకరికి ఒక దఫా, ఆయన నుంచి ఇంకొకరికి మరో దఫా, అలా రెండు 21లు. ఆఖరి రోగికి రెండోసారి నెగెటివ్ వచ్చిన రోజు నుంచో, అంత్యక్రియల రోజు నుంచో లెక్క మొదలవుతుంది. మధ్యలో ఒక్కరు దొరికినా మళ్లీ సున్నా నుంచి. రువాండాలో 2024 సెప్టెంబర్ 27న ప్రకటించిన మార్‌బర్గ్ డిసెంబర్ 20న ముగిసింది. 66 మందికి సోకింది, 15 మంది చనిపోయారు. సోకినవారిలో ఎక్కువమంది ఆసుపత్రి సిబ్బందే. గతంలో ఇదే జబ్బు కొన్నిచోట్ల సగానికి పైగా మందిని బలి తీసుకుంది. త్వరగా పట్టుకుని, ఐసీయూ వైద్యం అందించడం అక్కడ తేడా తెచ్చింది.

రెండో ప్రశ్నకు జవాబు అంత సులువు కాదు. రక్తంలో వైరస్ పోయినా కంట్లో, మెదడు చుట్టూ, వృషణాల్లో నెలల తరబడి దాగి ఉండొచ్చు. 2014 నవంబర్‌లో లైబీరియా నుంచి ఢిల్లీ విమానాశ్రయంలో దిగిన ఒక భారతీయుడు అప్పటికే ఎబోలా నుంచి కోలుకున్నాడు. రక్తపరీక్ష నెగెటివ్. వీర్యంలో మాత్రం వైరస్ ఆనవాళ్లు దొరికాయి, అది పోయేదాకా విడిగా ఉంచారు. 2021లో గినియాలో వచ్చిన ఎబోలా జన్యుక్రమం చూస్తే 2014 నాటి వైరస్‌కు దాదాపు అచ్చు అదే. అడవి నుంచి కొత్తగా రాలేదు, ఏళ్ల క్రితం కోలుకున్న ఎవరో ఒకరిలో నిద్రపోయి లేచింది.

అలాగని కోలుకున్నవారిని ముట్టుకుంటే, పక్కన కూర్చుని తింటే ఏమీ కాదు. ఎబోలా నుంచి బయటపడిన మగవారు జబ్బు మొదలైన మూడు నెలలకు వీర్యపరీక్ష చేయించుకోవాలి, పాజిటివ్ వస్తే నెలనెలా. కనీసం వారం ఎడంతో రెండుసార్లు నెగెటివ్ వచ్చేదాకా కండోమ్ వాడాలి. పరీక్ష దొరకని చోట జ్వరం మొదలైన తారీఖు నుంచి పన్నెండు నెలలు.